వెనకాల ఉంది, పిలుస్తానుండు

పాల్వంచలో మేముండేది కంపెనీ క్వార్టర్. మా ఆయన థర్మల్ కరెంటు కేంద్రంలో షిఫ్టు ఉద్యోగి. ఆయన పొద్దుటి షిఫ్టుకు వెళ్ళాక, వంటింటి పని ఒక కొలిక్కి వచ్చాక, ముందుగదిలో కిటికీ పక్కనున్న బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుస్తాను. వేరే దేశాల సినిమాలకు, సీరియళ్ళకు తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం నా పని. హైదరాబాద్‌లోని ఒక చిన్న ఆఫీసు ఫైళ్ళు పంపుతుంది, నేను రాసి తిరిగి పంపుతాను. తెర కింద రెండు వరసలు, అంతే చోటు. చదివేవాళ్ళు గబుక్కున చదివి మళ్ళీ బొమ్మ చూడగలగాలి. ఏడేళ్ళుగా హంతకుల్ని, రాజుల్ని, విడిపోతున్న మొగుడూ పెళ్ళాల్ని ఆ రెండు వరసల్లోనే సర్దుతూ వచ్చాను. కిందటేడు వానాకాలంలో వచ్చిన ఒక సీరియల్ మాత్రం చిన్న వాక్యం దగ్గర నన్ను వారం పైన ఆపేసింది.

ఎనిమిది భాగాల కథ. మంచు పడే దేశంలో సముద్రం పక్కన ఒక ఊరు. అక్కడ ఒక ముసలామె రొట్టెల దుకాణం నడుపుతుంటుంది. కీళ్ళనొప్పులతో వేళ్ళు వంకర తిరిగి, పిండి పిసకలేని స్థితికి వస్తుంది. ఊరి ఆఫీసువాళ్ళు ఆమె సాయానికి ఒక మరమనిషిని పంపుతారు. ఆడమనిషి రూపం. దగ్గరగా చూస్తే తప్ప తేడా తెలియదు. ముసలామెకు అది నచ్చదు. పిండి బస్తాల మధ్య నిలబెట్టి పైన దుప్పటి కప్పుతుంది. రెండో భాగానికి దుప్పటి తీస్తుంది. మూడో భాగానికి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నిలబడి పని చేస్తుంటారు.

ఫైలు వచ్చినప్పుడు ముందు కథంతా ఒకసారి చూస్తాను. ఆ తర్వాతే రాయడం మొదలుపెడతాను. అలా చూసేటప్పుడు అత్తమ్మ వచ్చి పక్కన కుర్చీ వేసుకుంటుంది. అత్తమ్మకు డెబ్భై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళు గోదావరి అవతల ఒక మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసింది. దొరసాని డాక్టర్ల దగ్గర పని చేసినందువల్ల ఇంగ్లీషు నాకంటే తొందరగా చెవికెక్కుతుంది. తొమ్మిదేళ్ళ కిందట గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని ఎడమ భుజం కింద పేస్‌మేకర్ పెట్టారు. "మిషన్‌ల చేసి చేసి ఆఖరికి మిషనే పెట్టించుకున్న" అని చర్చిలో ఎవరడిగినా చెబుతుంది.

ఇక్కడొక మాట చెప్పాలి. "అత్తమ్మ చెబుతుంది", "అత్తమ్మ అంది" అని రాస్తున్నందుకు హైదరాబాద్‌లో ఎవరైనా చదివితే ఇదేం మర్యాద అనుకోవచ్చు. మా వైపు అమ్మను, అత్తను, అమ్మమ్మను "వచ్చింది", "పోయింది" అనే అంటాం. అందులో తక్కువ చేయడం లేదు. ఆ అలవాటే నన్ను తర్వాత ఇబ్బంది పెట్టింది కాబట్టి ముందే చెబుతున్నాను.

ఎనిమిది భాగాలూ నాలుగు పగళ్ళలో చూశాం. చివరి భాగంలో ముసలామె నిద్రలోనే చనిపోతుంది. దుకాణం పైన ఆమె గది. మనుషులు వస్తారు, ఆమెను తీసుకుపోతారు, తలుపు దగ్గరగా వేస్తారు. మర్నాడు తెల్లవారేసరికి మరమనిషి ఎప్పటిలాగే పొయ్యి వెలిగించి, పిండి కలిపి, తలుపు తీసి నిలబడుతుంది. ఊరివాళ్ళు వీధిలో నిలబడి చూస్తారు. కొనాలో వద్దో వాళ్ళకు తెలియదు. అక్కడితో అయిపోతుంది.

నేను ల్యాప్‌టాప్ మూసేశాను. అత్తమ్మ చిక్కుడుకాయల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఒలవకుండా కూర్చుంది.

"దానికి ఎవలన్న చెప్పిండ్రా?" అంది చివరికి.

"ఏం చెప్పాలె అత్తమ్మా?"

"ఆమె పోయిందని. ఇంటోళ్ళకు ముందు చెప్పాలె గదా. వార్డుల ఎవలన్న పోతే మేము ఫస్టు బయట కూసున్నోళ్ళకు చెప్తుంటిమి. గా దుకాణంల అది తప్ప ఇంకెవలున్నరు?"

నేను ఫైలు మళ్ళీ తెరిచి చూశాను. ఎవరూ చెప్పలేదు. అందరూ దాని ముందు నుంచే నడుస్తారు, దాని పక్కనే నిలబడి మాట్లాడుకుంటారు, దానితో మాత్రం ఒక్కమాట అనరు. కథ రాసినవాళ్ళు కావాలనే అలా రాశారో, వాళ్ళకే తట్టలేదో నాకు తెలియదు. నాకు మాత్రం తట్టలేదు.

తర్వాతి సోమవారం రాయడం మొదలుపెట్టాను. మూడు భాగాలు సాఫీగా నడిచాయి. నాలుగో భాగంలో ఆగిపోయాను.

అక్కడ జరిగేది చాలా చిన్న సంగతి. ఎప్పుడూ రొట్టెలు కొనే ఒక పాత గిరాకీ దుకాణంలోకి వచ్చి, నీ మరమనిషి ఏదని అడుగుతుంది. ముసలామె తల ఎత్తకుండా, డబ్బాలో రొట్టెలు సర్దుతూ, వెనకాల ఉంది అంటుంది. ఇంగ్లీషులో మూడు భాగాలుగా ఆమె దాన్ని వస్తువుకు వాడే 'ఇట్' తోనే అంటోంది. ఇక్కడ మొదటిసారి ఆడమనిషికి వాడే 'షీ' అంటుంది. గిరాకీకి అది తగులుతుంది. ఆ ఒక్క మాటను తిరిగి ప్రశ్నలా అంటుంది. ముసలామె అప్పుడు తల ఎత్తుతుంది. తాను ఏమన్నదో తనకు అప్పుడే తెలిసినట్టు ముఖం మారుతుంది. ఎనిమిది భాగాల కథకు కీలు అక్కడుంది.

తెలుగులో రాశాను: "వెనకాల ఉంది." అంతే. ఆవు వెనకాల ఉంది. బస్తా వెనకాల ఉంది. మా అమ్మ వెనకాల ఉంది. అన్నిటికీ అదే "ఉంది". గిరాకీ "ఉందా?" అని అడిగితే అర్థమే మారిపోతుంది, లేదేమోనని అనుమానపడుతున్నట్టు ఉంటుంది.

"ఆమె వెనకాల ఉంది" అని రాయొచ్చు. రాసి చూశాను. చదివితే ఎవరో వార్డు మెంబరు గురించి చెబుతున్నట్టుంది. ఇన్నాళ్ళు పక్కన నిలబడి పిండి పిసికినదాన్ని ఎవరు "ఆమె" అంటారు? "ఆమె"లో దూరం ఉంది. పైగా మన ఇళ్ళలో "అది" అనేది ఎవరిని? అత్తమ్మనే అడిగాను.

"మా ఆడబిడ్డ చిన్నగున్నప్పుడు మీరు ఏమని పిలుస్తుంటిరి?"

"ఏమంట? అది తిన్నదా, అది పండుకున్నదా అంట. ఇప్పుడు నలభై ఏండ్లు దాటినయి, ఇప్పటికీ అది ఫోన్ చేసిందా అనే అడుగుత."

అదీ చిక్కు. ఇంగ్లీషులో ఆ మాట వస్తువుకు. తెలుగులో అదే మాట వస్తువుకూ, కన్నబిడ్డకూ. ముసలామె మొదటి భాగంలో "అది" అంటే దుప్పటి కప్పిన మిషను. నాలుగో భాగంలో అదే "అది" కూతురు కావచ్చు. మాట మారకుండా మనసు మారింది. రెండు వరసల్లో, ఒక్క ఊపిరిలో, అది చూసేవాళ్ళకు ఎలా తెలియాలి?

"మా పిల్ల వెనకాల ఉంది" అని రాసి కొట్టేశాను. ముసలామె అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. "వెనకాల ఉన్నారు" అని రాసి నవ్వొచ్చి కొట్టేశాను. ఆ వాక్యం కింద ఎర్ర గుర్తు పెట్టి ముందుకు పోయాను.

ఆ తర్వాతి వారం అత్తమ్మను ఖమ్మం తీసుకుపోవలసి వచ్చింది. ఆరు నెలలకోసారి పేస్‌మేకర్ చూపించాలి. మా క్వార్టర్ల వరసలోనే ఉండే ఒకతను కిరాయికి కారు నడుపుతాడు. నలభై దాటినవాడు, ఆ దారి పాఠంలా వచ్చు. అయినా ఖమ్మంలో ఆ దవాఖానా కొత్త చోటికి మారిందని ఫోన్లో మ్యాప్ పెట్టుకున్నాడు. కొత్తగూడెం దాటి అడవి దారిలో పడ్డాక అందులో దారి చెప్పే ఆడగొంతు ఆగిపోయింది.

"మేడం పలుకుతలేదు," అన్నాడు.

నన్నే అంటున్నాడనుకుని, "ఏమన్నవన్నా?" అన్నాను.

"మీరు గాదు. ఈ మేడం," అని ఫోను చూపించాడు. "సిగ్నల్ లేని కాడ గిట్లనే చేస్తది."

"అది మనిషి గాదు గదా. మేడం అంటవేంది?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "మరేమనాలె? పొద్దంతా దారి చెప్తది. తప్పు పోతే కోపం చెయ్యది, మళ్ళ మొదటికెళ్ళి చెప్తది. ఏయ్ అనబుద్ధి కాదు."

వెనక సీట్లో అత్తమ్మ ఆసక్తిగా ముందుకు వంగింది. "నీ బండినేమంటవు?"

"బండిని బండే అంట. అది నాది గదా."

మేడం తనది కాదు కాబట్టి మర్యాద. బండి తనది కాబట్టి "అది". ఇది కూడా ఒక కాగితం మీద రాసుకున్నాను. జవాబు దొరకలేదు, లెక్క ఇంకొంచెం చిక్కుపడింది.

దవాఖానాలో పేస్‌మేకర్ చూసే టెక్నీషియన్ నెరిసిన జుట్టాయన, తొమ్మిదేళ్ళుగా అత్తమ్మకు ఆయనే చూస్తున్నాడు. మంచం మీద పడుకోబెట్టి, అరచేతిలో పట్టే ఒక పరికరాన్ని భుజం కింద ఆనించి, పక్కనున్న చిన్న కంప్యూటర్‌లో గీతలు చూశాడు.

"అమ్మా, బ్యాటరీ చివరకొచ్చింది. మూడు నెలలలోపు మార్చుకోండ్రి. డబ్బా మొత్తం మారుస్తం, వైర్లు పాతవే ఉంటయి."

"అవ్, ఎరికే," అంది అత్తమ్మ. లేచి కూర్చుని జాకెట్టు సర్దుకుంది. పోదామా అన్నట్టు నేను చెయ్యి అందించాను. ఆమె లేవలేదు. "ఒకటడుగుత. నేను పోయినంక ఇది ఏం చేస్తది?"

ఆయన నా వైపు చూశాడు.

"బ్యాటరీ ఉన్నన్ని రోజులు కొడుతనే ఉంటదమ్మా. గుండె జవాబియ్యది, అంతే."

"జవాబు రాలేదని దానికి తెలుస్తదా?"

"తెలుస్తది. ఇందులో గా ఏర్పాటు ఉన్నది. జవాబు రాకుంటే ఇంకొంచెం గట్టిగ కొడతది."

"పోయిందని మాత్రం తెలవది."

"తెలవదమ్మా. దానికి తెలిసేటట్టు చెయ్యలేదు ఎవరు."

అత్తమ్మ తల ఊపింది. నర్సుగా ఆమె ఎన్నో చావుల దగ్గర నిలబడింది. భయపడి అడిగిన ప్రశ్న కాదని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆ దుకాణంలో పొయ్యి వెలిగించినదాన్ని చూసినప్పటి నుంచి ఆమెకు తెలుసుకోవాలని ఉంది, అడిగింది. కారెక్కాక భుజం కింద చెయ్యి పెట్టుకుని, "పాపం" అని మాత్రం అంది. ఎవరి గురించి అన్నదో నేను అడగలేదు.

ఇంటికి వచ్చాక టీ తాగుతూ ఆ నాలుగో భాగం ముక్కను ఆమెకు మళ్ళీ చూపించాను. నా ఇబ్బంది చెప్పాను. ఇన్ని రోజులుగా "అది", "ఆమె" అని గొణుగుతున్నానని ఆమెకు తెలుసు, ఎందుకో తెలియదు.

"నువ్వు ఆ మాట పట్టుకొని ఎందుకు గుంజులాడుతున్నవు?" అంది. "మాకు వార్డుల అది, ఆమె అని తేడా లేకుండె. పేషెంట్ వచ్చింది, పేషెంట్ పోయింది. తేడా వేరే కాడ ఉంటుండె."

"యాడ?"

"ఎక్స్‌రేకు పంపాలనుకో. వార్డు ఆయమ్మకు ఏం చెప్తం? పదో నెంబరు బెడ్డామెను పిలువు అంటం. నడవలేకపోయినా, స్ట్రెచర్ మీదున్నా పిలువు అనే అంటం. పానం పోయినంక ఏమంటం? బాడీని తీసుకరాండ్రి అంటం. అప్పటిదాంక పిలుస్తం, ఆ తర్వాత తెస్తం. నేను మాత్రం చుట్టాలు వచ్చిపోయేదాంక ఆ మాట అననియ్యకపోతుంటి. ఆయమ్మలు మరిచి తెస్తమంటే కోపం చేస్తుంటి. ఇంకొంచెంసేపు పిలిస్తే ఏం పోతది మనది?"

నేను టీ గ్లాసు కింద పెట్టి బల్ల దగ్గరికి వెళ్ళాను. మొదటి భాగం తెరిచాను. అందులో ఎవరో ఆ మిషన్ చూపించమంటే ముసలామె చిరాగ్గా అనే మాటకు నేను అనుకోకుండా "తెస్తానుండు" అని రాసి ఉన్నాను. నాలుగో భాగంలో ఎర్ర గుర్తు దగ్గరికి వచ్చి రాశాను.

"వెనకాల ఉంది, పిలుస్తానుండు."

కింద గిరాకీ మాట: "పిలుస్తావా?"

ముసలామె తల ఎత్తే బొమ్మతో కలిపి చూశాను. అతికింది. అత్తమ్మను పిలిచి చూపిస్తే, "ఆఁ, ఇప్పుడు ఆమెకు తెలిసింది" అంది, తెర మీది ముసలామెను చూపిస్తూ.

ఆ సంతోషం ఆరో భాగం దాకా ఉంది. ఆరో భాగంలో ముసలామె పిండిమరకు వెళుతుంది, వెంట మరమనిషి. అక్కడ అదే కంపెనీ చేసిన ఇంకో మరమనిషి ఉంటుంది. రెండూ ఎదురెదురుగా నిలబడి సన్నగా ఏదో మాట్లాడుకుంటాయి. పిండిమర నడిపే ఆయన ఆశ్చర్యంగా, మాట్లాడుకుంటున్నాయి అంటాడు. ముసలామె అదే వాక్యాన్ని తిరిగి అంటుంది. ఇంగ్లీషుకు ఇక్కడ ఏ బాధా లేదు. మనుషులైనా వస్తువులైనా బహువచనానికి వాళ్ళకు ఒకటే మాట. తెలుగు మాత్రం ఇక్కడ ఊరుకోదు. "మాట్లాడుకుంటున్నాయి" అనాలి, లేదా "మాట్లాడుకుంటున్నారు" అనాలి. మధ్యలో ఏదీ లేదు. ఒక్క ఆడమనిషిని ఆవుతో కలిపి "వచ్చింది" అన్న భాషే, ఇద్దరు ఆడవాళ్ళు కలిసేసరికి "వచ్చారు" అంటుంది. ఇద్దరైతే తప్ప మనుషుల్లో కలపదన్నమాట. ఇన్నేళ్ళు రాస్తూ నేను దీన్ని పట్టించుకోలేదు.

ప్రతి నెలా రెండో శనివారం నేను భద్రాచలం వెళుతుంటాను. డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు అక్కడ ఉంటుంది. కోయ అమ్మాయి, ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఆసారి బస్సు సారపాకలో ఎప్పటిలాగే కాగితం మిల్లుకు పోయే జామాయిల్ కట్టెల లారీల వెనక చిక్కుకుంది. "ముందు లారోడు కదుల్తలేడు" అని కండక్టరు అరిచాడు. లారీ పేరు చెప్పి మనిషిని, మనిషి పేరు చెప్పి లారీని అనడం మనకు ఎంత అలవాటో అని వంతెన దాటేదాకా దాని గురించే ఆలోచించాను.

స్నేహితురాలు గుమ్మంలో మా కాలేజీ రోజుల్లోలాగే పలకరించింది. "ఏందే, సన్నగైనవు. ఏం రాస్తున్నవిప్పుడు?"

చేపల కూర తింటూ కథంతా చెప్పాను. మీ భాషలో ఇలాంటిది ఎలా అంటారని అడిగాను.

"మాది ఇంక అన్యాయం," అంది నవ్వుతూ. "మీకు ఇద్దరు ఆడోళ్ళయితే మనుషులైతరు. మాకు వందమంది కలిసినా ఆవులల్లనే. మగోళ్ళకు ఒక మాట, మిగిలిన లోకానికంతా ఒక మాట. నేను, నా పెంకుటిల్లు, మా మేక, మీ మరమనిషి అందరం ఒక్కటే."

నాకు ఉత్సాహం వచ్చింది. మనిషికీ మనిషి కానిదానికీ మధ్య గీత ఎక్కడ గీయాలని పెద్ద దేశాలవాళ్ళు సినిమాలు తీస్తున్నారు, పుస్తకాలు రాస్తున్నారు, మీ భాషలో ఆ గీత వేరేచోట ఉందంటే ఎంత వింత అన్నాను.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. "గిదేదో గొప్ప సంగతని మాత్రం రాయకు. మొన్నొక సార్ వచ్చిండు, అడవోళ్ళు చెట్టును, మనిషిని ఒక్క తీరు చూస్తరట గదా అని నన్ను రికార్డు చేసుకపోయిండు. మా అమ్మ మేకను మేక లెక్కనే చూస్తది. నన్ను నా లెక్కనే చూస్తది. మేకను కోస్తది, నన్ను కొయ్యలే. మాట ఒకటైతే చూపు ఒకటి గాదు. గా గ్రామర్ మా తాతలెవలో పెట్టింది, ఆడోళ్ళను అడిగి పెట్టిండ్రా?"

"మరి ఎవల గురించి అంటున్నరో ఎట్ల తెలుస్తది?"

"ఆ ఇంట్ల ఉన్నోళ్ళకు తెలుస్తది. బయటోళ్ళకు తెలవది. మీ పిండిమరాయన బయటోడే గదా?"

తిరుగు బస్సులో ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. బయటివాడు ఒకలా అంటాడు, ఇంటామె ఒకలా అంటుంది. ఇంగ్లీషులో ఇద్దరూ ఒకే వాక్యం అన్నారు, ఎందుకంటే ఇంగ్లీషుకు వేరే దారి లేదు. నాకు ఉంది. ఇంటికి వచ్చి పిండిమరాయనకు "మాట్లాడుకుంటున్నాయి" అని రాశాను. ముసలామెకు "అవును, మాట్లాడుకుంటున్నారు" అని రాశాను. సబ్‌టైటిల్స్ రాసేవాళ్ళకు ఎప్పుడూ ఏదో పోగొట్టుకోవడమే అలవాటు. అసలులో లేనిది ఒకటి నా చేతికి దొరకడం అదే మొదటిసారి.

అప్పుడే ఇంకొకటి గమనించాను. రెండో భాగంలో ఎదురింటాయన కిటికీలోంచి చూసి అనే మాటకు నేను "ఇద్దరూ పొద్దున్నే లేస్తున్నారు" అని రాసి ఉన్నాను. ఇద్దరు. మనుషుల్ని లెక్కపెట్టే మాట. అప్పటికి ముసలామె దాన్ని అనే మాట ఇంకా మార్చలేదు. నా చెయ్యే ముందు రాసేసింది. దిద్దడానికి చాలాసేపు చూశాను. "ఒక మనిషి, ఒక మిషన్" అని ఏ ఎదురింటాయనా అనడు. వదిలేశాను.

ఫైలు పంపిన వారానికి హైదరాబాద్ నుంచి ఫోను వచ్చింది. నా రాతను సరిచూసే అమ్మాయి. ఎప్పుడూ మెయిల్‌లోనే మాట్లాడుకునేవాళ్ళం, గొంతు వినడం అదే మొదలు.

"మేడం, నాలుగో ఎపిసోడ్‌లో పిలుస్తానుండు అని పెట్టారు. సోర్స్‌లో పిలవడం అనే మాటే లేదు కదా?"

"లేదు."

"ఆరో ఎపిసోడ్‌లో ఇద్దరూ ఒకే లైన్ చెబుతారు. మీరు రెండు రకాలుగా రాశారు. క్లయింట్ చెక్ చేస్తే తప్పు అంటారు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. "ఉంది"లో ఏమీ తెలియదని, "ఆమె" దూరంగా ఉంటుందని, అత్తమ్మ వార్డు సంగతి, పిలవడం, తేవడం. చెబుతూ చెబుతూ నాకే ఇది మరీ పెద్ద కథగా వినిపించి ఆగాను.

"మా నానమ్మ ఫ్రిజ్‌ను కూడా తిడుతుంది మేడం," అంది ఆ అమ్మాయి. "పొద్దున్నించీ ఏడుస్తోంది దీని మొహం మండ అని. తిట్టేటప్పుడు మాత్రం మనిషే." తర్వాత అంది, "నేను కామెంట్ రాసి పైకి పంపిస్తాను. ఏమంటారో చూద్దాం."

పదిహేను రోజులకు ఒప్పుకున్నారని మెయిల్ వచ్చింది. ఒక్క వరస. ఎవరు ఒప్పుకున్నారో, ఎందుకో లేదు.

ఆలోగా అత్తమ్మకు డబ్బా మార్చారు. చిన్న ఆపరేషనే. పొద్దున లోపలికి తీసుకువెళ్ళారు, మధ్యాహ్నానికి గదికి తెచ్చారు. తెలివి వచ్చాక ఆమె అడిగిన మొదటి సంగతి పాత డబ్బా చూపించమని. ఆ టెక్నీషియన్ స్టీలు ట్రేలో పెట్టి తెచ్చాడు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, అంచులు గుండ్రంగా అరిగినట్టున్నాయి. అత్తమ్మ కళ్ళజోడు పెట్టుకుని దాని మీది అంకెలు చదివింది. వేలితో ఒకసారి తాకింది.

"చల్లగైంది," అంది.

"బయటకు తీసినం గదమ్మా."

"అవ్. లోపల నా అంత వేడిగ ఉండె." ట్రే వెనక్కి ఇచ్చి, "భద్రంగ పెట్టుండ్రి" అని పడుకుంది. నాలుగు వారాలు ఎడమ చెయ్యి పైకి ఎత్తొద్దన్నారు. ఎత్తకుండా ఉండడం ఆమె వల్ల కాలేదు.

చలికాలంలో సీరియల్ విడుదలైంది. మా ఆయన సెలవు పెట్టి టీవీలో పెట్టాడు. సబ్‌టైటిల్స్ నావి, తెలుగు డబ్బింగ్ వేరేవాళ్ళది, మేము ఒకరికొకరం తెలియదు. నాలుగో భాగంలో ముసలామె గొంతు "ఆమె వెనకాల ఉంది" అంది. కింద నా వాక్యం నడిచింది. అత్తమ్మ విని, చదివి, నా వైపు తిరిగింది. "ఇద్దరు చెప్పింది ఒకటి గాదు," అంది. ఆయన నవ్వి, రెంటిలో ఏది ఆపాలో అడిగాడు. రెండూ ఉంచమంది. ఆరో భాగంలో పిండిమర దగ్గర డబ్బింగ్‌లో ఇద్దరూ "మాట్లాడుకుంటున్నాయి" అనే అన్నారు. నాకు కొంచెం బాధేసింది, కాదనను. మా ఆయనకు ఆ తేడా తెలియనే లేదు. చాలామందికి తెలియదేమో.

గురువారం మధ్యాహ్నం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూటం. ప్రార్థన అయ్యాక అత్తమ్మ ఆ కథను మొదటి నుంచి చివరిదాకా వాళ్ళకు చెప్పింది. నేను వంటింట్లో టీ పోస్తూ విన్నాను. ఏ మాట ఎక్కడ వాడుతుందోనని నా చెవులు అక్కడే ఉన్నాయి. అత్తమ్మ ఏ నియమమూ పెట్టుకోలేదు. ఒకచోట "ఆ మిషన్" అంది, ఒకచోట "ఆ పొల్ల" అంది, ఏడో భాగం చెప్పేటప్పుడు మధ్యలో ముసలామె గురించి చెబుతోందో మరమనిషి గురించి చెబుతోందో నాకే తెలియలేదు. వింటున్నవాళ్ళు ఎవరూ తడబడలేదు.

ప్రశ్నలు మాత్రం వచ్చాయి. దానికి ఆకలైతదా అని ఒకామె. ప్రార్థన చేయమంటే చేస్తదా అని ఇంకొకామె. చెప్తే చేస్తది, కాని చేసినట్టు లెక్కకు రాదేమో అని పాస్టరుగారి భార్య. మనం చేసేది మాత్రం అన్నిసార్లు లెక్కకొస్తదా అని వేరొకరు, దానికి అందరూ నవ్వారు.

చివరికి గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దామె, అప్పటిదాకా మాట్లాడనిది, అడిగింది. "అంతా బాగనే ఉన్నది గని, దాని పేరేంది?"

అత్తమ్మ నా వైపు చూసింది. నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను. నాకు తెలియలేదు. ఎనిమిది భాగాలు, ప్రతి వాక్యం నా చేతి మీదుగా పోయింది, దాని పేరు రాసిన జ్ఞాపకం లేదు.

వాళ్ళు వెళ్ళాక ఫైలు తెరిచి వెతికాను. ముసలామె దాన్ని "నువ్వు" అంటుంది. ఊరివాళ్ళు అది, ఇది అంటారు. ఎవరు ఏ మాట అన్నారో రాసే గడిలో కంపెనీవాళ్ళు దాని దగ్గర "హెల్పర్" అని రాశారు. అంతకు మించి ఎక్కడా లేదు. అత్తమ్మకు చెప్పాను.

ఆమె బీరువాలో దుప్పట్లు సర్దుతోంది. ఎడమ చేత్తోనే.

"నన్ను ముప్పై ఏండ్లు సిస్టర్ అనే పిలిచిండ్రు," అంది. "పేరు ఎవలకు ఎరుక? ఇప్పటికీ భద్రాచలం బజార్ల ఎవలన్న కనపడితే సిస్టర్ బాగున్నరా అంటరు. బాగున్నననే చెప్త."

నాలుగు వారాలు ఎప్పుడో దాటినా, అలవాటు కొద్దీ ఆ చెయ్యి దించమన్నాను. దించింది, నేను అటు తిరగగానే మళ్ళీ ఎత్తింది.